ఇంట్లో చెప్పని ఆపరేషన్

మాకు వరసకు వదిన అయ్యే ఒకావిడ రెండేళ్ల క్రితం 'హెర్నియా ఆపరేషన్' చేయించుకున్నారు. బంధువులందరికీ తెలిసింది అదే. మూడో రోజున ఇంటికి వచ్చారు. భర్త నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆ తర్వాత డ్యూటీకి వెళ్లిపోయారు. ఆరో రోజు సాయంత్రం ఎడమ పిక్క లాగుతోందని అంటే అత్తగారు కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, పక్కన కూర్చుని చాలాసేపు కాలు పట్టారు. పడుకునే ఉంటే కాళ్లు పట్టేయటం మామూలేలే అని ధైర్యం కూడా చెప్పారు. మర్నాడు పలకరించటానికి వచ్చిన ఆడపడుచు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రెండు కాళ్లలో ఒక్కటే వాచి ఉండటం చూసి, గది తలుపు దగ్గరగా వేసి, "వదినా, నిజం చెప్పు. ఏం ఆపరేషన్ చేయించుకున్నావ్?" అని అడిగింది. అప్పుడు బయటపడింది. అది హెర్నియా కాదు, టమ్మీ టక్. వెంటనే తీసుకెళ్లి డాప్లర్ స్కాన్ చేయిస్తే పిక్క నుంచి తొడ వరకూ సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు మూడు నెలలు వాడి గట్టెక్కారు.

ఆ వారం రోజులూ డిశ్చార్జి కాగితం ఎక్కడుందంటే బీరువాలో, పట్టుచీరల కింద. దాని మీద ఆపరేషన్ పేరు రాసి ఉంది కాబట్టి ఎవరి కంటా పడకూడదని దాచేశారు. 'ఒక కాలు వాచినా, పిక్క నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే రండి' అన్న ముక్క కూడా ఆ కాగితంలోనే ఉంది. కాలు పట్టిన అత్తగారికి అది తెలిసే దారే లేదు. గడ్డకట్టిన సిర ఉన్న కాలిని గట్టిగా మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడొచ్చు. ప్రాణం పోవటానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం జరిగింది అంతా ప్రేమే. కానీ ఆ ప్రేమే ప్రాణం మీదికి తెచ్చేది.

పొట్ట తగ్గించుకునే ఆపరేషన్ చేయించుకోవచ్చా, ప్రమాదమా అన్న ప్రశ్న ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోనూ తరచూ వినిపిస్తోంది. సోకు కోసం ఒళ్లు కోయించుకోవటం తప్పని మేం చెప్పబోవటం లేదు. అది ఎవరిష్టం వారిది. మేం చెప్పదలచింది వేరే. ఇది బ్యూటీ పార్లర్ పని కాదు, పెద్ద ఆపరేషన్. దీని ప్రమాదాల్లో చాలా భాగం ఆపరేషన్ టేబుల్ మీద కాకుండా ఇంటికొచ్చిన తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో ఎదురవుతాయి. అప్పుడు పక్కనుండే మనిషికి అసలు సంగతి తెలియకపోతే ఎంత మంచి సర్జన్ చేసినా ఆ జాగ్రత్త సగమే.

కోత ఎంత పెద్దది?

ఆసుపత్రుల ప్రకటనల్లో 'టక్' అన్న మాట ఎంత తేలిగ్గా ఉంటుందో! చొక్కా లోపలికి దోపుకున్నంత సులువు అనిపిస్తుంది. నిజానికి పొత్తికడుపు కింద ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా అడ్డంగా కోస్తారు. చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ కండరాల మీది నుంచి విడదీసి పక్కటెముకల దాకా పైకి లేపుతారు. కాన్పుల వల్ల ఎడంగా జరిగిపోయిన నిలువు కండరాలను లోపల దారంతో దగ్గరకు కుడతారు. తర్వాత చర్మాన్ని కిందికి లాగి, మిగులును కత్తిరించి తీసేసి, బొడ్డుకు కొత్త చోట రంధ్రం చేసి కుడతారు. మొత్తం రెండు నుంచి నాలుగు గంటలు. సాధారణంగా పూర్తి మత్తులో చేస్తారు. లోపల చేరే ద్రవం బయటికి రావటానికి ట్యూబులు పెడతారు. అపెండిక్స్ ఆపరేషన్ అంటే కంగారుపడి పదిమందిని పిలిచే మనం, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఈ కోతను గుట్టుగా కానిచ్చేద్దాం అనుకోవటం విచిత్రమే.

ఇంకో పొరపాటు కూడా ఉంది. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. మనవాళ్లలో పొట్ట రావటానికి ముఖ్య కారణం పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు. మధుమేహానికీ, గుండెజబ్బుకూ దారితీసేదీ అదే. భారతీయుల్లో నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమనేది ఆ కొవ్వు గురించే. టమ్మీ టక్‌లో సర్జన్ చెయ్యి ఆ కొవ్వు జోలికే వెళ్లదు. చర్మం కిందిది తీస్తారు, అంతే. పొట్ట గట్టిగా, కుండలా ముందుకు ఉబ్బి ఉండేవారికి ఈ ఆపరేషన్‌తో పెద్దగా ఫలితం ఉండదు, పైగా లోపలి నుంచి ఒత్తిడి ఎక్కువై ఇబ్బందులు పెరుగుతాయి. చేత్తో పట్టుకుంటే మడతలా వేలాడే వదులు చర్మం, కండరాలు విడిపోవటం వల్ల వచ్చిన ఎత్తు ఉన్నవారికే ఇది పనికొస్తుంది.

మన దగ్గర ఇలాంటివారు ఎందరో ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5 శాతం. ఆ కోత మచ్చ లోపలికి లాగేసి, పైన చర్మం అరుగులా ముందుకు వాలటం చాలామంది తల్లులకు తెలిసిన బాధే. అయితే పొట్ట రావటానికి సిజేరియనే కారణమన్నదీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే పొట్ట వస్తుందన్నదీ నిజం కాదు. తొమ్మిది నెలలు సాగిన కండరాలు మామూలు కాన్పు అయినా విడిపోతాయి. బాలింత నడుముకు గుడ్డ బిగించి కట్టినంత మాత్రాన అవి కలవవు. ఫిజియోథెరపిస్టు దగ్గర పద్ధతిగా నేర్చుకున్న పొట్ట కండరాల వ్యాయామాలు కొన్ని నెలలు చేస్తే చాలామందిలో ఆ ఎడం తగ్గుతుంది. ముందు అది ప్రయత్నించారా అని అడగని సర్జన్ దగ్గర కాస్త ఆలోచించాల్సిందే. ఇంకా పిల్లలు కావాలనుకునేవారైతే ఆగటమే మేలు. మళ్లీ గర్భం వస్తే దగ్గరకు కుట్టిన కండరాలు తిరిగి సాగిపోతాయి.

ఎక్కడ బెడిసికొడుతుంది?

అమెరికాలో సౌందర్య సర్జరీల కోసం ఉన్న ఒక బీమా పథకం కింద నమోదైన 25 వేల పైచిలుకు టమ్మీ టక్‌లను విశ్లేషించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. నెల లోపు అత్యవసర విభాగానికి పరుగెత్తటమో, మళ్లీ ఆసుపత్రిలో చేరటమో, మళ్లీ ఆపరేషన్ చేయించుకోవటమో అవసరమైన పెద్ద చిక్కులు నూటికి నలుగురిలో కనిపించాయి. మిగతా సౌందర్య సర్జరీల్లో ఇది 1.4 శాతమే. అంటే ముక్కు, రొమ్ము, కనురెప్పల సర్జరీల వంటివాటన్నింటితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ఇంటి దగ్గరే సర్దుకునే చిన్న చిక్కులు ఈ లెక్కలో లేవు.

అన్నింటికంటే తరచుగా వచ్చేది చర్మం కింద నీరు చేరటం. పైకి లేపిన చర్మానికీ కండరాలకూ మధ్య ఖాళీ ఉంటుంది కదా, అందులో పసుపురంగు ద్రవం ఊరుతుంది. ట్యూబులు తీసేశాక కూడా రావచ్చు. పొట్ట మీద చెయ్యి వేస్తే నీళ్ల సంచిలా కదులుతుంది. సర్జన్ సిరంజితో తీసేస్తారు, ఒక్కోసారి నాలుగైదుసార్లు తీయాల్సి వస్తుంది. ప్రాణాపాయం కాదు గానీ పట్టించుకోకుండా వదిలేస్తే చీము పడుతుంది. రక్తం చేరటం వేరు. అది సాధారణంగా మొదటి రోజుల్లోనే, పొట్ట ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుని, నొప్పి పెరిగి, కళ్లు తిరగటంతో తెలుస్తుంది. దానికి మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాల్సిందే. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషికి ఇలాంటి రక్తస్రావం తట్టుకునే శక్తి ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? తొందరేమీ లేని ఆపరేషన్ ఇది. రెండు మూడు నెలలు ఐరన్ వాడి, హిమోగ్లోబిన్ పెరిగాక చేయించుకుంటే పోయేదేమీ లేదు.

చర్మం నల్లబడి చచ్చుబడిపోవటం గురించి ఎవరూ ముందుగా గట్టిగా చెప్పరు. చర్మాన్ని అంతమేర పైకి లేపినప్పుడు కింద నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోతాయి. ఇక పక్కల నుంచి వచ్చే రక్తమే దానికి ఆధారం. బొడ్డు కింద, కోత మధ్య భాగం కాలువ చివరన ఉన్న శివారు పొలం లాంటిది. పైనంతా పారితే తప్ప దానికి నీరందదు. పొగతాగేవారిలో నికోటిన్ వల్ల ఆ సన్నటి నాళాలు ముడుచుకుపోతాయి, శివారు ఎండిపోతుంది. అందుకే కనీసం నాలుగు వారాల ముందు నుంచీ, గాయం మానే దాకా సిగరెట్టు పూర్తిగా మానాలంటారు. గుట్కా, ఖైనీ నమిలేవారు 'మాకు సిగరెట్టు అలవాటు లేదు' అని తప్పించుకుంటుంటారు. నికోటిన్ ఎటు నుంచి వచ్చినా నికోటినే. మధుమేహం అదుపులో లేకపోయినా ఇదే ముప్పు. ఇంకొకటి, పిత్తాశయం రాళ్లకు ఎప్పుడో పాతపద్ధతిలో కుడి పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టించుకున్నవారికి ఆ మచ్చే రక్తప్రవాహానికి అడ్డుకట్ట అవుతుంది. పాత మచ్చలన్నీ సర్జన్‌కు చూపించాలి. సిగ్గుపడితే నష్టం మనకే.

కోత చుట్టూ, బొడ్డు కింద స్పర్శ తగ్గటం దాదాపు అందరిలోనూ ఉంటుంది. నెలల తరబడి, కొందరిలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇది చిన్న విషయంలాగే అనిపిస్తుంది. కానీ నెలసరి నొప్పికో, నడుం నొప్పికో అలవాటుగా పొట్ట మీద వేడినీళ్ల సంచి పెట్టుకుంటే చర్మం కాలుతున్నా తెలియదు. అలా కాలి బొబ్బలెక్కి వచ్చినవారి గురించి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. ఇక మచ్చ. తుంటి నుంచి తుంటి దాకా ఉండే ఆ గీత చీర కట్టులో దాగుతుంది గానీ మాయం కాదు. పలచబడటానికి ఏడాది పైనే పడుతుంది. మన చర్మఛాయ వారిలో ఉబ్బెత్తుగా, దురదపెట్టే కీలాయిడ్ మచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ. చెవి కుట్టిన చోటో, టీకా వేసిన చోటో మచ్చ గడ్డలా లేచిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

వీటన్నింటిలో ప్రాణం తీసేది మాత్రం ముఖ్యంగా రక్తపు గడ్డే. గంటల కొద్దీ మత్తులో కదలకుండా ఉండటం, కండరాలు బిగించి కుట్టటంతో పొట్టలో ఒత్తిడి పెరిగి కాళ్ల నుంచి రక్తం పైకి రావటం మందగించటం, పైన బిగుతు బెల్టు, ఆ తర్వాత నొప్పికి భయపడి మంచం దిగకపోవటం. గడ్డకట్టటానికి కావలసినవన్నీ ఒక్కచోట చేరతాయి. ఊబకాయం, వయసు, గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో ఎవరికైనా గతంలో గడ్డలు కట్టిన చరిత్ర తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. ముందే లెక్క వేసి, అవసరమైనవారికి హెపారిన్ రకం ఇంజెక్షన్లు, బిగుతు మేజోళ్లు ఇస్తారు. మాత్రలు వేసుకుంటున్న సంగతి అత్తింట్లో తెలియకూడదని డాక్టరు దగ్గర కూడా దాచేవారుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు.

మగవారు ఇది ఆడవారి సంగతేలే అని పేజీ తిప్పేయకండి. పైన చెప్పిన అధ్యయనంలో పెద్ద చిక్కులు ఎక్కువగా వచ్చినవారిలో మగవారు, 55 ఏళ్లు దాటినవారు, బీఎంఐ 30 దాటినవారు ఉన్నారు. ఒకేసారి రెండు మూడు సర్జరీలు చేయించుకున్నవారు కూడా. టమ్మీ టక్ ఒక్కటే అయితే 3.1 శాతం ఉన్న చిక్కులు, దానికి లైపోసక్షన్‌తో పాటు ఒళ్లు తీర్చే మరో సర్జరీ కలిస్తే 10.4 శాతానికి చేరాయి. 'ఎలాగూ మత్తు ఇస్తున్నాం కదా, తొడలు, చేతులు కూడా చేసేద్దాం, ప్యాకేజీలో కలిసొస్తుంది' అనే మాట చీరల కొట్లో బాగుంటుంది. ఒంటి మీద కత్తి పెట్టేటప్పుడు కాదు.

పథ్యం, విశ్రాంతి, మన ఇళ్లు

మన ఇళ్లలో ఆపరేషన్ అయినవారిని చూసుకునే తీరుకు ఒక పద్ధతుంది. కదలనివ్వం. నీళ్లు ఎక్కువ తాగనివ్వం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని, వంకాయ దురద అని ఆపేసి, కారప్పొడి అన్నం పెడతాం. టమ్మీ టక్ తర్వాత ఈ మూడూ హానే చేస్తాయి. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు, చికెన్ ఏది అలవాటైతే అది పెట్టాలి. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. కదలకపోవటం గురించి చెప్పక్కర్లేదు. సర్జన్ చెప్పిన ప్రకారం అదే రోజు సాయంత్రమో, మర్నాడు ఉదయమో లేచి నాలుగడుగులు వేయాలి. పొట్ట చర్మం బిగుతుగా ఉంటుంది కాబట్టి మొదటి వారం పది రోజులు నడుం వంచే నడవాలి. 'నిటారుగా నిలబడు, గూని వస్తుంది' అని ఆ సమయంలో వెనక నుంచి అనకూడదు. పడుకున్నప్పుడు తల కింద, మోకాళ్ల కింద దిండ్లు ఉండాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు పొట్టకు దిండు అదిమిపట్టుకోవాలి.

దాదాపు ఆరు వారాలు బరువులెత్తటం నిషిద్ధం. గ్యాస్ సిలిండరు, నీళ్ల బకెట్టు, గ్రైండరు రాయి, మూడేళ్ల పిల్లాడు, అన్నీ బరువులే. నేల మీద కూర్చుని పూజ, కింద కూర్చునే మరుగుదొడ్డి కొన్నాళ్లు కుదరవు. ఇవన్నీ రహస్యంగా ఎలా నడుస్తాయి? చిన్న ఆపరేషనే అని ఇంట్లో చెప్పి వచ్చిన కోడలు, పదో రోజుకు వంటింట్లోకి రాకపోతే నలుగురూ వింతగా చూస్తారు. ఆ చూపులకు తట్టుకోలేక లేచి పనిలో పడుతుంది. కుట్లు విడిపోయేది అక్కడే.

పక్కనుండేవారు గుర్తుపెట్టుకోవాల్సినవి మరీ ఎక్కువేం లేవు. ఒక కాలు వాచటం, పిక్క నొప్పి, ఎరుపు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తపు జీర, స్పృహ తప్పటం. జ్వరం, కోత దగ్గర చీము, దుర్వాసన. చర్మం నీలంగానో నల్లగానో మారటం. పొట్ట ఒక పక్క ఉబ్బటం. వీటిలో ఛాతీ నొప్పి విషయంలో మనం చేసే తప్పు ఒక్కటే, 'గ్యాస్ అయ్యుంటుంది' అని సోడా తాగించి పడుకోబెట్టటం. పొట్ట ఆపరేషన్ కాబట్టి గ్యాసే అనుకోవటానికి ఇంకా సులువు. ఆపరేషన్ అయిన నెల లోపు ఛాతీ నొప్పో ఆయాసమో వస్తే ముందు 108కి ఫోన్ చేయాలి, గ్యాస్ సంగతి ఆసుపత్రిలో తేలుస్తారు. కాలు వాస్తే పట్టకూడదు, నూనె రాయకూడదు. అంబులెన్స్ వచ్చాక ఏ ఆపరేషన్ అయిందో, ఎప్పుడు అయిందో చెప్పగలిగే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తొలగించే సర్జరీ తర్వాత మరణించారు. వయసు 21. ఆమె చేయించుకున్నది టమ్మీ టక్ కాదు గానీ, సర్జరీ సంగతి తమకు తెలియదని తల్లిదండ్రులు అప్పట్లో విలేకరుల ముందు వాపోవటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు చాలా ముందు, 2007 నవంబరులో, అమెరికా ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్ 58వ ఏట టమ్మీ టక్, రొమ్ము తగ్గించే సర్జరీ కలిపి చేయించుకుని, నేరుగా ఇంటికి వెళ్లి, మర్నాడే ప్రాణాలు కోల్పోయారు. గుండె రక్తనాళాల జబ్బు, దానికి సర్జరీ అనంతర కారణాలు తోడవటం వల్ల మరణించారని అధికారిక నివేదికలో తేలింది. ఆ తర్వాత 2009లో కాలిఫోర్నియాలో ఆమె పేరుతోనే చట్టం వచ్చింది. సౌందర్య సర్జరీకి ముందు 30 రోజుల లోపు శారీరక పరీక్ష జరిగి, సర్జరీకి యోగ్యులేనని రాతపూర్వకంగా అనుమతి ఉండాలన్నది దాని సారాంశం. మన దగ్గర అలాంటి చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. నలభై దాటినవారు ఈసీజీ, రక్తపోటు, చక్కెర, అవసరమైతే ఎకో చేయించుకుని, ఇంటి డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే తేదీ ఖాయం చేసుకోవచ్చు.

ఈ మధ్య మరో కొత్త సంగతి తోడైంది. బరువు తగ్గించే వారానికో ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. వీటితో త్వరగా బరువు తగ్గినవారిలో చర్మం వేలాడి, టమ్మీ టక్ కోసం వెళ్లేవారు పెరుగుతారు. బరువు తగ్గుతూ ఉండగానే చేయించుకుంటే ఫలితం నిలవదు. కనీసం ఆరు నెలలు బరువు ఒకేచోట నిలిచాకే అడుగు ముందుకు వేయాలి. ఇంకా ముఖ్యమైంది, ఈ మందులు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా లోపల ఆహారం ఉండొచ్చు. మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఇంజెక్షన్ తీసుకుంటున్నట్టు మత్తు డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలి.

అమెరికా, గల్ఫ్‌ల నుంచి సెలవులకు వచ్చి, ఖర్చు తక్కువని హైదరాబాద్‌లో చేయించుకుని, రెండు వారాలకే విమానం ఎక్కే మనవాళ్లూ ఉన్నారు. పదిహేను, ఇరవై గంటలు కాళ్లు ముడుచుకు కూర్చునే ఆ ప్రయాణమే రక్తపు గడ్డకు అనువైన సమయం. పైగా చర్మం కింద నీరు చేరితే అక్కడ చూసే డాక్టరు ఈ సర్జన్ కాదు. టికెట్ తేదీని బట్టి కాక, సర్జన్ సరే అన్నాకే ప్రయాణం పెట్టుకోవాలి.

ఎవరి దగ్గర చేయించుకోవాలి? బోర్డు మీద 'కాస్మెటిక్ సర్జన్' అని రాసుకోవటం సులువే. ఎం.సీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ప్లాస్టిక్ సర్జరీలో చదివారా అని చూడాలి. రాష్ట్ర వైద్యమండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగటంలో అమర్యాద ఏమీ లేదు. మత్తు ఇచ్చే డాక్టరు పేరేమిటి, ఆపరేషన్ అంతసేపూ ఉంటారా, రాత్రి ఏమైనా అయితే ఐసీయూ ఈ భవనంలోనే ఉందా, లేకుంటే ఎక్కడికి తీసుకెళ్తారు అన్నవి కూడా అడగాలి. 'ముందు, తర్వాత' ఫొటోల ఆల్బమ్ చూపించే కౌన్సెలర్‌ను, నీరు చేరినప్పుడూ కోత విడినప్పుడూ ఏం చేశారో అడిగి చూడండి. జవాబులోనే చాలా తెలుస్తుంది. నెలవారీ వాయిదాల సౌకర్యం ఉందనగానే సంతకం పెట్టేయొద్దు. అందానికి చేయించుకునే సర్జరీలను ఆరోగ్య బీమా పాలసీలు మినహాయిస్తాయి. తర్వాత వచ్చే చిక్కులకైనా బీమా డబ్బు వస్తుందని ధీమా పడకుండా, ముందే సంస్థను రాతపూర్వకంగా అడగాలి. సర్జరీకి ఎంతవుతుందో అంతే కాక, మళ్లీ చేరాల్సి వస్తే పెట్టుకోగలిగే మొత్తం కూడా చేతిలో ఉండాలి.

చివరిగా ఇంట్లోవారితో ఒక మాట. ఆ వదిన ఎందుకు దాచారని అడిగితే, "ఈ వయసులో నీకెందుకే సోకులు అంటారని" అన్నారు. ఇద్దరు పిల్లల్ని కని, పదిహేనేళ్లు పొట్ట చర్మం కింద చెమట పొక్కులతో, వంగితే నడుం నొప్పితో గడిపిన మనిషి అది. నలుగురిలో 'మళ్లీ ఏమైనా విశేషమా' అని ఎవరో అడిగిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఏడ్చిన మనిషి. ఇంట్లో అలాంటి వెటకారాలు ఆగితే దాపరికం సగం పోతుంది. భర్తలకు మరీ చెప్పాల్సింది, భార్య పొట్ట గురించి పదిమందిలో జోకులు వేయటం మానండి. ఆపరేషన్ చేయించుకుంటానంటే ఆ ఖర్చుతో పాటు కనీసం రెండు వారాల సెలవు కూడా లెక్కలో వేసుకోండి. నాలుగు రోజులు చాలవు. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. రాత్రిపూట పక్కనుండే మనిషికి, పగలు ఇంట్లో ఉండే మనిషికి చెబితే చాలు. డిశ్చార్జి కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించటానికి మొహమాటమైతే, ఫోన్‌లో ఫొటో తీసి ఆ ఇద్దరికీ పంపండి.

మొన్న ఒక పెళ్లిలో ఎవరో ఆ వదినను, "నడుం బాగా తగ్గించావే, ఏం చేశావేంటి?" అని అడిగారు. "వాకింగ్" అన్నారావిడ. పక్కనే కూర్చున్న అత్తగారు, "రోజూ తెల్లారుజామునే లేస్తుందమ్మా" అని మాట కలిపి, తాంబూలం అందుకున్నారు.